తోక ఒకటే, తలలు వేరు: మిర్చి చేల మందు డ్రమ్ములో మిసెల్ల సంగతి

నరసరావుపేట, చిలకలూరిపేట, అద్దంకి, పర్చూరు చుట్టూ నల్లరేగడిలో మిర్చి, పత్తి వేసే రైతు మందు కొట్టే రోజున ముందు చూసుకునేది నీళ్ల సంగతి. సాగర్ కుడికాలువ పారుతుంటే కాలువ నీళ్లు, లేకపోతే బోరు నీళ్లు. రెండు వందల లీటర్ల డ్రమ్ము నింపి అందులో వేపనూనె పోస్తే అది పైకి తేలి జిడ్డులా నిలుస్తుంది. అందుకే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెతో పాటు ఒక గ్రాము సబ్బు పొడి కలపమని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. ఇప్పుడు మందుల కొట్లో ఇంకో చిన్న సీసా కూడా ఇస్తున్నారు. దాన్ని రైతులు స్టిక్కర్ అనో, స్ప్రెడర్ అనో అంటారు. లీటరుకు అర మిల్లీలీటరు చాలంటారు, చాలా సందర్భాల్లో నిజంగానే సరిపోతుంది.

ఒకదానికి గ్రాముల లెక్క, ఇంకోదానికి అందులో కొంత భాగమే ఎందుకు? కల్తీ లేని స్వచ్ఛమైన అణువులను తీసుకుంటే ఈ తేడా ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. సబ్బు పొడుల తరహా అణువు సోడియం డోడెసిల్ సల్ఫేట్. అది నీటిలో తనంత తానుగా గుంపు కట్టాలంటే లీటరుకు దాదాపు 2.4 గ్రాములు ఉండాలి. స్టిక్కర్ తరహా అణువుల్లో ఒకటైన ఆక్టాఇథిలీన్ గ్లైకాల్ డోడెసిల్ ఈథర్‌కు 0.05 గ్రాము చుట్టూ చాలు. రెండింటికీ ఉన్నది పన్నెండు కార్బన్ల తోకే. తేడా అంతా తలలో ఉంది. వందేళ్లకు పైగా రసాయన శాస్త్రం ఈ తోక, తల లెక్కను తేల్చుతూ వస్తోంది. ఆ లెక్క పల్నాటి బోరు నీళ్లకూ, గుంటూరు ఎండకూ ఎలా వర్తిస్తుందో తెలిస్తే డ్రమ్ములో జరిగే చాలా విషయాలకు కారణం దొరుకుతుంది.

నూనెతో కలిసే తోక, నీటితో కలిసే తల ఒకే అణువులో ఉంటే దాన్ని సర్ఫ్యాక్టెంట్ అంటారు. కొద్దిగా కలిపినప్పుడు ఈ అణువులు నీటి పైపొరకు చేరి, తోకలు గాలి వైపు పెట్టి నిలబడతాయి. పైపొర నిండిపోయాక ఇంకా కలిపితే, నీటి లోపల తోకలు లోపలికి, తలలు బయటికి ఉండేలా పదుల సంఖ్యలో గుంపు కడతాయి. ఆ గుంపే మిసెల్. గుంపులు కట్టడం మొదలయ్యే గాఢతను క్రిటికల్ మిసెల్ కాన్సంట్రేషన్, పొట్టిగా సీఎంసీ అంటారు. బ్రిస్టల్‌లో సబ్బు నీళ్ల విద్యుత్ వాహకతను కొలుస్తున్న జేమ్స్ విలియం మెక్‌బెయిన్ 1913లో ఈ ఊహను ముందుకు తెచ్చినప్పుడు చాలామంది నమ్మలేదు. ఆ మెక్‌బెయినే తరవాత మన దేశానికి వచ్చి, 1950లో ప్రారంభమైన పుణే జాతీయ రసాయన ప్రయోగశాలకు తొలి డైరెక్టర్ అయ్యాడు. మిసెల్ గోళాకారంలో ఉంటుందనే చిత్రాన్ని 1936లో హార్ట్‌లీ స్థిరపరిచాడు. చార్లెస్ టాన్‌ఫర్డ్ 1973లో వెలువరించిన పుస్తకంతో తోకలను గుంపుగా చేర్చే కారణానికి హైడ్రోఫోబిక్ ప్రభావం అన్న పేరు పాఠ్యపుస్తకాల్లో నిలిచిపోయింది.

తోకలు ఒకదానినొకటి బలంగా ఆకర్షించుకోవడం వల్ల మిసెల్ పుడుతుందని అనుకోవడం సహజం. అసలు కారణం నీటిలో ఉంది. నీటి అణువులు ఒకదానితో ఒకటి హైడ్రోజన్ బంధాలతో అల్లుకుని ఉంటాయి. మధ్యలో నూనె తోక దూరితే దాని చుట్టూ ఉన్న నీటి అణువులు తమ బంధాలు తెగకుండా ఒక క్రమంలో సర్దుకోవలసి వస్తుంది. 1945లో ఫ్రాంక్, ఇవాన్స్ చెప్పిన మంచు తునకల ఊహ ఇదే. అచ్చంగా మంచు అక్కడ ఏర్పడదని తరవాతి పరిశోధనలు చెప్పినా, నీటికి స్వేచ్ఛ తగ్గుతుందన్న మాట నిలిచింది. తోకలన్నీ ఒకచోట చేరితే ఆ నీరు విడుదలవుతుంది, ఎంట్రోపీ పెరుగుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర సోడియం డోడెసిల్ సల్ఫేట్ మిసెల్ కట్టేటప్పుడు పుట్టే వేడి దాదాపు సున్నా. అయినా గుంపు కడుతుందంటే నడిపించేది ఎంట్రోపీయే.

లెక్క ఇలా ఉంటుంది. సీఎంసీని మోల్ భిన్నంగా మార్చి, దాని లాగరిథమ్‌ను వాయు స్థిరాంకంతోనూ ఉష్ణోగ్రతతోనూ గుణిస్తే, ఒక మోల్ అణువులు నీళ్లలోంచి మిసెల్‌లోకి మారినప్పుడు స్వేచ్ఛాశక్తి ఎంత తగ్గిందో వస్తుంది. 25 డిగ్రీల దగ్గర సోడియం డోడెసిల్ సల్ఫేట్‌కు ఇది సుమారు 22 కిలోజౌళ్లు. విద్యుదావేశం లేని ఆక్టాఇథిలీన్ గ్లైకాల్ అణువుకు సుమారు 33. మధ్యనున్న 11 కిలోజౌళ్లలో పెద్ద భాగం ఆవేశమున్న తలలను పక్కపక్కన ఇరికించడానికి అయ్యే ఖర్చు. సల్ఫేట్ తలలన్నిటికీ రుణావేశమే, ఒకదానినొకటి నెట్టుకుంటాయి. సుమారు అరవై తలలను నాలుగైదు నానోమీటర్ల గోళం మీద చేర్చాలంటే వాటి చుట్టూ సోడియం అయాన్లను కట్టేసి ఉంచాలి. ఆ అయాన్లకు పోయిన స్వేచ్ఛ కూడా ఖర్చు కిందే వస్తుంది. ఇథిలీన్ ఆక్సైడ్ తలకు ఆవేశం లేదు, నీటిని పట్టుకుని కొంత చోటు ఆక్రమిస్తుంది, అంతే.

తోక సంగతి ఇంతకంటే సూటిగా ఉంటుంది. ఆల్కైల్ సల్ఫేట్ల వరసలో పది కార్బన్ల అణువుకు సీఎంసీ సుమారు 33 మిల్లీమోలార్, పన్నెండుకు 8, పద్నాలుగుకు 2. అంటే ఒక్కొక్క కార్బన్ చేరిన కొద్దీ సగమవుతూ పోతుంది. ఆవేశం లేని వరసలో రెండు కార్బన్లు చేరితే దాదాపు పదో వంతుకు పడిపోతుంది. పైకి చూస్తే ఒకే సీహెచ్‌టూ ముక్క రెండు చోట్ల రెండు రకాలుగా ప్రవర్తిస్తున్నట్టు ఉంటుంది. కట్టుబడిన సోడియం అయాన్లను కూడా లెక్కలో చేర్చి చూస్తే రెండు చోట్లా ఒక్కో ముక్క వాటా దాదాపు 3 కిలోజౌళ్లే అని తేలుతుంది. ఈ రంగంలోని ఫలితాల్లో ఇంత పొందికైనది ఇంకొకటి అరుదు. నీటికి తోక మీద ఉన్న అయిష్టానికి తల ఏమిటన్నదానితో పెద్దగా పని లేదు. ఆ అయిష్టంలో ఎంత భాగం మిసెల్‌గా మారి పనికి వస్తుందో తల నిర్ణయిస్తుంది.

అయితే తోక పొడవొక్కటే చూస్తే చాలదు, దాని వంపులూ కొమ్మలూ కూడా చూడాలి. 1940లలో షెల్ కంపెనీ బ్రిటన్‌లో పెట్రోలియం నుంచి తయారుచేసిన టీపాల్ మొదట్లో సెకండరీ ఆల్కైల్ సల్ఫేట్ల మిశ్రమం. వాటిలో తల గొలుసు చివర కాకుండా మధ్యలో ఎక్కడో అతుక్కుని ఉంటుంది. అలాంటి తోక రెండుగా చీలినట్టు ఉండి మిసెల్ గర్భంలో సరిగా ఇమడదు. కార్బన్ల సంఖ్య అంతే ఉన్నా సీఎంసీ పెరుగుతుంది. కానీ నీటిని త్వరగా పీల్చుకునేలా చేయడంలో, అంటే తడపడంలో, ఇలాంటి అణువులదే పైచేయి. మిసెల్ కట్టడం తేలిక కాకపోతే అణువులు విడిగా ఎక్కువ ఉంటాయి, కొత్త ఉపరితలానికి వేగంగా చేరతాయి. ఆకు మీద పడిన చుక్కకు కావలసింది చాలాసార్లు ఈ వేగమే.

పత్తి గింజల నూనె శుద్ధి చేసే మిల్లుల్లో మిగిలే సోప్‌స్టాక్ సబ్బు తయారీకి వెళ్తుంది. పత్తి నూనె కొవ్వు ఆమ్లాల్లో దాదాపు సగం లినోలిక్ ఆమ్లం. దాని తోకలో రెండు జంట బంధాలు, రెండు వంపులు. ఈ వంపులు సీఎంసీని కొంత పెంచినా ఒక మేలు చేస్తాయి. నిటారైన స్టియరేట్ తోకలు చల్లని నీళ్లలో ఒత్తుగా పేర్చుకుని గడ్డగానే ఉండిపోతాయి, వేడి నీళ్లలోనే కరుగుతాయి. గడ్డ కరిగి మిసెల్లు ఏర్పడడం మొదలయ్యే ఆ ఉష్ణోగ్రతకు క్రాఫ్ట్ పాయింట్ అని పేరు. వంకర తోకల సబ్బుకు ఇది చాలా తక్కువ. అందుకే పత్తి నూనె సబ్బు మెత్తగా ఉంటుంది, మామూలు నీళ్లలో తేలిగ్గా కరుగుతుంది.

ఇక నీళ్ల సంగతి. పిడుగురాళ్ల, మాచర్ల వైపు భూమి అడుగున సున్నపురాయి. సున్నపు బట్టీలూ సిమెంటు ఫ్యాక్టరీలూ అక్కడికి వచ్చింది అందుకే. ఆ రాతి పొరల్లోంచి వచ్చే బోరు నీళ్లలో కాల్షియం కరిగి ఉంటుంది. కాల్షియం అయాన్ మీద రెండు ధనావేశాలు, కాబట్టి సోడియం కంటే బలంగా సల్ఫేట్ తలలను దగ్గరికి లాగుతుంది. మామూలు ఉప్పు కూడా కొంత ఇదే పని చేస్తుంది. లీటరుకు సుమారు 6 గ్రాముల ఉప్పు ఉంటే సోడియం డోడెసిల్ సల్ఫేట్ సీఎంసీ 8 నుంచి 1.5 మిల్లీమోలార్‌కు దిగుతుంది. సీఎంసీ తగ్గింది కనుక ఉప్పు నీళ్లు సబ్బు పొడికి మేలు చేసినట్టేనా? కాల్షియం విషయంలో కాదు. కాల్షియం డోడెసిల్ సల్ఫేట్ క్రాఫ్ట్ పాయింట్ 50 డిగ్రీల దగ్గర ఉంటుంది. మిసెల్ కట్టకముందే అది తెల్లటి మడ్డిగా అడుగుకు దిగుతుంది. సబ్బు పొడి వేస్తే నురగ రాక, డ్రమ్ము అంచున తెట్టు కట్టడానికి కారణం ఇదే. కొవ్వు ఆమ్లాల సబ్బుకైతే ఇంకా కష్టం.

తోకకూ సల్ఫేట్ తలకూ మధ్య రెండు ఇథిలీన్ ఆక్సైడ్ ముక్కలు చేరిస్తే ఏమవుతుందో చూడాలి. అదే అణువు కాల్షియం లవణం క్రాఫ్ట్ పాయింట్ సున్నా డిగ్రీల కిందికి పోతుంది. షాంపూల్లో ఎక్కువగా వాడే లారిల్ ఈథర్ సల్ఫేట్ గట్టి నీళ్లలోనూ నురగ ఇస్తుందంటే ఈ చిన్న అతుకే కారణం. పల్నాటి బోరు నీళ్లతో పిచికారీ చేసేవారికి సబ్బు పొడి కంటే ఆవేశం లేని అణువులో, ఈ తరహా అణువులో తగినవి. కాలువ నీళ్లకూ బోరు నీళ్లకూ ఒకే సలహా ఇవ్వడం సరికాదు. మిర్చి, పత్తి పంటల మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న గుంటూరు లాం పరిశోధన స్థానం వంటి చోట్ల ఊరి ఊరి నీళ్లతో ఈ తేడాను చూపించి చెబితే రైతుకు మందు ఖర్చు కొంతైనా మిగులుతుంది.

నీళ్ల తరవాత ఎండ. ఆవేశమున్న అణువుల సీఎంసీ ఉష్ణోగ్రతతో కొంత తగ్గి మళ్లీ పెరుగుతుంది. సోడియం డోడెసిల్ సల్ఫేట్‌కు ఆ కనిష్ఠం 25 డిగ్రీల దగ్గర. అంతకంటే చల్లగా ఉంటే మిసెల్ కట్టడానికి వేడి పీలుస్తుంది, వెచ్చగా ఉంటే వేడి వదులుతుంది. డిగ్రీ పెరిగిన కొద్దీ ఈ వేడి, అంటే ఎంథాల్పీ, దాదాపు అర కిలోజౌల్ చొప్పున కిందికి జరుగుతుంది. ఎంట్రోపీ సాయం కూడా అదే లెక్కన తగ్గుతుంది కాబట్టి స్వేచ్ఛాశక్తి పెద్దగా కదలదు. ఈ సర్దుబాటును చాలా పరిశోధన పత్రాలు వింతగా వర్ణిస్తాయి. చుట్టూ ఉన్న నీటి క్రమం వేడికి ముందే సడలిపోయి ఉంటుంది, కాబట్టి విడుదల కావడానికి మిగిలేది తక్కువ. ఇందులో వింతేమీ లేదు. వేరు వేరు ఉష్ణోగ్రతల సీఎంసీ నుంచి గీత గీసి రాబట్టిన ఎంథాల్పీ, కెలోరీమీటర్‌లో నేరుగా కొలిచిన ఎంథాల్పీ చాలాసార్లు సరిపోలవు. ఉష్ణోగ్రతతో పాటు గుంపులోని అణువుల సంఖ్యా, కట్టుబడిన అయాన్ల సంఖ్యా మారిపోతాయి, మొదటి పద్ధతి ఆ మార్పును పట్టించుకోదు. ఈ విషయంలో కెలోరీమీటర్ మాటకే విలువ ఇవ్వాలి.

ఇథిలీన్ ఆక్సైడ్ తలలకు ఎండలో ఇంకో గండం ఉంది. అవి నీటిని పట్టుకునేది హైడ్రోజన్ బంధాలతో. వేడెక్కితే ఆ పట్టు సడలి, ఒక హద్దు దాటాక ద్రావణం తెల్లగా మబ్బు కమ్మి రెండుగా విడిపోతుంది. పన్నెండు కార్బన్ల తోకకు ఎనిమిది ఇథిలీన్ ఆక్సైడ్ ముక్కలుంటే ఈ హద్దు 75 డిగ్రీలు దాటుతుంది. ఆరు ముక్కలుంటే 50 దగ్గర, అయిదుంటే 32 దగ్గర. ముక్కలు తక్కువైతే సీఎంసీ కొంచెం తగ్గుతుంది నిజమే, కానీ రెంటచింతల వంటి చోట మధ్యాహ్నం ఎండలో పెట్టిన డ్రమ్ములో అయిదు ముక్కల అణువు నిలవదు. చలిదేశపు ప్రయోగశాలలో మంచి మార్కులు తెచ్చుకున్న అణువు ఇక్కడ విఫలం కావచ్చు.

2021-22 పంటకాలంలో గుంటూరు, ప్రకాశం మిర్చి తోటల మీదికి నల్ల తామర పురుగు వచ్చిపడింది. శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పినస్. మన దేశంలో దాన్ని మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద గుర్తించారు. రైతులు నల్లి అని పిలిచే ఈ పురుగు పూల లోపల దాక్కుంటుంది. పూత రాలి, కాయ నిలవక, ఎందరో రైతులు తోటలు దున్నేశారు. పూరేకుల ఇరుకు మడతల్లోకి చుక్క పాకాలంటే నీటి తలతన్యత బాగా తగ్గాలి. మంచి నీటికి అది మీటరుకు 72 మిల్లీన్యూటన్లు, మామూలు సర్ఫ్యాక్టెంట్లతో 30 చుట్టూ, సిలికాన్ తోక ఉన్న ట్రైసిలోక్సేన్లతో 21 దాకా దిగుతుంది. ట్రైసిలోక్సేన్ తోక పొడవుగా ఉండదు. పొట్టిగా, లావుగా, చుట్టూ మిథైల్ గుంపులతో ఉంటుంది. ఇలాంటి అణువు గోళాకార మిసెల్‌లో ఇమడదు.

ఎందుకు ఇమడదో 1976లో ఇజ్రాయెలాచ్‌విలీ, మిచెల్, నిన్‌హామ్ ఒక సులభ నిష్పత్తితో చూపించారు. తోక ఘనపరిమాణాన్ని, తల ఆక్రమించే వైశాల్యం, తోక పొడవుల లబ్ధంతో భాగిస్తారు. మూడో వంతులోపు వస్తే గోళాలు, సగం దాకా కడ్డీలు, ఒకటికి దగ్గరైతే రెండు పొరల పలకలు. సోడియం డోడెసిల్ సల్ఫేట్ గోళాల హద్దులో ఉంటుంది. రెండు తోకల లెసిథిన్, లావు తోక ట్రైసిలోక్సేన్ పలకల వైపు మొగ్గుతాయి. పలకల వైపు మొగ్గే అణువు చదునైన ఆకు మీద కూడా తేలిగ్గా పరుచుకుంటుంది, చుక్క అసాధారణ వేగంతో విస్తరిస్తుంది. దీనికీ ఒక లోపముంది. ఆమ్ల, క్షార గుణాల మధ్య, పీహెచ్ 6 నుంచి 8 లోపల లేకపోతే సిలికాన్ బంధం తెగిపోతుంది. కలిపిన మందు నీళ్లను రేపటికి దాచి కొట్టకూడదనడానికి ఇదొక కారణం.

ఈ ప్రాంతానికి సర్ఫ్యాక్టెంట్లు కొత్త కాదు. ఒకప్పుడు తేలియా రుమాళ్లకు పేరుపడ్డ చీరాలలో, ఎర్ర రంగు అద్దకానికి ముందు నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి పిసికేవారు. బూడిదలోని క్షారం నూనెలో కొంత భాగాన్ని సబ్బుగా మారుస్తుంది, ఆ సబ్బు మిగతా నూనెను నూలు పోగు లోపలికి తీసుకెళ్తుంది. ముడి పత్తి పోగు మీద మైనం ఉంటుంది కాబట్టి ఏ సాయమూ లేకుండా నీరు దానిలోకి దిగదు. ఐరోపాలో అదే ఎర్ర రంగు కోసం ఆముదాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో మార్చి టర్కీ రెడ్ ఆయిల్ చేశారు. కృత్రిమ సర్ఫ్యాక్టెంట్లలో తొలి తరానిది అదే. ఇవాళ పురుగుమందుల్లో నూనెను నీళ్లలో కలిపి ఉంచడానికి వాడే ఎమల్సిఫైయర్లలో ఆముదానికి ఇథిలీన్ ఆక్సైడ్ చేర్చి చేసినవి ముఖ్యమైనవి. కాల్షియం డోడెసిల్ బెంజీన్ సల్ఫొనేట్‌తో వాటిని జతకట్టడం పాత పద్ధతి. ఆవేశమున్న తలల మధ్య ఆవేశం లేని తలలు కూర్చుంటే నెట్టుకోవడం తగ్గి, మిశ్రమం సీఎంసీ లెక్కకట్టిన దానికంటే కూడా కిందికి వస్తుంది.

కుంకుడుకాయ నురగలో ఉన్న సాపోనిన్లది వేరే నిర్మాణం. తోక స్థానంలో వంగని ఉంగరాల చట్రం, తలగా చక్కెర గొలుసులు. మన కడుపులోని పైత్యరస లవణాలు కూడా ఇలాంటివే. వాటికి ఒక వైపు ముఖం నూనెకు, రెండో వైపు నీటికి. చట్రం వంగదు కాబట్టి పెద్ద గోళాలు కట్టలేవు, కొద్ది అణువుల చిన్న గుంపులే. గుంటూరు మిరపకాయ ఎరుపునిచ్చే క్యాప్సాంథిన్, కారమిచ్చే క్యాప్సైసిన్ రెండూ నీటిలో కరగనివే. అన్నంలో కలిసిన నూనె జీర్ణమై పైత్యరస లవణాలతో కట్టిన మిశ్రమ మిసెల్లే ఆ ఎరుపును పేగు గోడ దాకా చేరుస్తాయి.

పాలలా తెల్లగా విరిగిన మందు నీళ్లన్నీ మిసెల్లేనని అనుకోకూడదు. తెల్లగా కనిపించేవి మైక్రోమీటరు పరిమాణపు నూనె చుక్కలు. అవి ఎప్పటికైనా విడిపోవలసినవే, సర్ఫ్యాక్టెంట్ ఆ విడిపోవడాన్ని ఆలస్యం మాత్రమే చేస్తుంది. మిసెల్ అలా కాదు, అది సమతాస్థితిలో ఉండే గుంపు, కంటికి కనిపించదు. అందుకే లీటరుకు గ్రాము సబ్బు పొడి సీఎంసీని అందుకోకపోయినా వేపనూనె కొంతసేపు కలిసే ఉంటుంది, కలియబెడుతూ కొడితే పని జరుగుతుంది. ఇంకో హద్దు కూడా గుర్తుంచుకోవాలి. 1987-88లో శనగపచ్చ పురుగు గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తినేసినప్పుడు, అప్పుల పాలైన రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కదిలించినప్పుడు, పురుగు సింథటిక్ పైరిత్రాయిడ్లకు తట్టుకునే శక్తి సంపాదించుకుంది. మందు ఆకుకు ఎంత బాగా అంటినా చావని పురుగు చావదు. ఆకు మైనంలోంచి మందును లోపలికి పంపే అణువే కూలీ చేతి చర్మంలోంచీ పంపడానికి తోడ్పడుతుంది. తొడుగులు లేకుండా చేత్తో కలిపే అలవాటు మానక తప్పదు. చౌకగా దొరికే నోనిల్‌ఫినాల్ ఇథాక్సిలేట్లు నీళ్లలో చేపల హార్మోన్లను తలకిందులు చేస్తాయని ఐరోపా 2003లోనే వాటి మీద ఆంక్షలు పెట్టింది. కాలువల్లోనూ చెరువుల్లోనూ చేపలు పెంచే జిల్లాలకు ఇది పట్టించుకోవలసిన సంగతి.

ఇప్పుడు పొలాల మీద డ్రోన్లు ఎగురుతున్నాయి. చేతి పంపుతోనో తైవాన్ స్ప్రేయర్‌తోనో ఎకరాకు రెండు వందల లీటర్లు పట్టే చోట అవి పది లీటర్ల దగ్గరే పని ముగిస్తాయి. ఎకరాకు పడే మందు అంతే ఉండాలంటే ట్యాంకులో గాఢత ఇరవై రెట్లవుతుంది. సీఎంసీకి దిగువన ఉన్నదీ ఎగువకు చేరుతుంది, గోళాలు కట్టేది కడ్డీలు కట్టవచ్చు, రెండు మందుల ఎమల్సిఫైయర్లు ఒకదానితో ఒకటి తగువుపడి గడ్డ కట్టవచ్చు. చుక్క చిన్నది కనుక గాల్లోనే నీరు ఆరిపోతూ, ఆకు చేరేసరికి ఇంకా చిక్కబడుతుంది. అప్పుడు ఆ చుక్కలో మిగిలేది గోళాలా, పలకలా అన్నది తోకకూ తలకూ మధ్య ఉన్న నిష్పత్తిని బట్టి ఉంటుంది. కాబట్టి లీటరుకు ఇంత అని రాసిన పాత మోతాదులను డ్రోన్ ట్యాంకుకు యథాతథంగా వాడలేం. ఒక్కో అణువుకూ ఆ గాఢతలో, మన ఎండలో, మన నీళ్లతో మళ్లీ కొలతలు తీయాలి.